పసిబిడ్డ ఉన్న ఇంట్లో వైఫై రౌటర్ ఎక్కడ పెట్టాలి, ఎదురు మేడ మీది టవర్ సంగతేమిటి?

అమ్మా, మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఏడు నెలల బాబు పడుకునే ఉయ్యాలకు రెండడుగుల దూరంలో, గోడకు, ఇంటర్నెట్ వాళ్లు వైఫై రౌటర్ బిగించి వెళ్లారు. రోడ్డుకు అవతలి మేడ మీద సెల్ టవర్ ఉంది. ఈ రెండూ కలిసి బాబుకు చేటు చేస్తాయని ఇరుగుపొరుగు అంటున్నారు. రౌటర్ వచ్చినప్పటి నుంచి మీకు కూడా తరచూ తలనొప్పి వస్తోంది. రేడియేషన్‌ను ఆపుతాయంటూ తెలిసినవారొకరు స్టిక్కర్లు కొనమంటున్నారు. మామగారికి పేస్‌మేకర్ ఉండటంతో ఆయన విషయంలో భయం మరీ ఎక్కువగా ఉంది.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. ఆ రౌటర్ వల్ల మీ బాబుకు హాని కలుగుతుందని చెప్పడానికి ఆధారం లేదు. అయినా దాన్ని ఉయ్యాల దగ్గర నుంచి తీయించి హాల్లో పెట్టించండి, ఎందుకో కింద రాస్తాను. టవర్ గురించి ఊహలతో బాధపడే బదులు కొలిపించుకోవచ్చు. స్టిక్కర్లు కొనకండి. మీ తలనొప్పిని మాత్రం రౌటర్ మీదికి నెట్టేసి ఊరుకోవద్దు, దానికి వేరే కారణం వెతకాలి. మామగారి విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు నిజంగానే కొన్ని ఉన్నాయి, కానీ అవి రౌటర్‌కు సంబంధించినవి కావు.

ఇరవై ఏళ్లకు పైగా నేను సిగ్నల్ కొలతల పనిలో ఉన్నాను. కర్ర చివర నల్లబంతిలాంటి ప్రోబ్ ఉండే మీటరు పట్టుకుని మేడల మీదికీ, బడుల్లోకీ, ఆసుపత్రుల్లోకీ, మీలాగే భయపడి పిలిచినవారి పడకగదుల్లోకీ వెళ్లి చూసినవాణ్ణి. అందువల్ల కొలతలతోనే మొదలుపెడతాను.

సాధారణంగా ఇంట్లో వాడే రౌటర్ గాలిలోకి వదిలే శక్తి ఇంచుమించు 0.1 వాటు. రాత్రిపూట వేసుకునే అర వాటు ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటులో ఇది ఐదో వంతు. ఆ శక్తి నాలుగు వైపులా పరుచుకుంటుంది కాబట్టి దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు, దూరం మూడింతలైతే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మీ ఉయ్యాల ఉన్న రెండడుగుల దూరంలో లెక్కవేస్తే చదరపు మీటరుకు సుమారు 0.02 వాట్లు వస్తుంది. ఈ తరంగాలకు సాధారణ ప్రజల విషయంలో అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. అంటే రౌటర్ ఆపకుండా ప్రసారం చేస్తోందనుకున్నా ఉయ్యాల దగ్గర ఉండేది పరిమితిలో 450వ వంతు మాత్రమే. మీది బలమైన రౌటర్ అనుకుని ఐదు రెట్లు వేసుకున్నా 90వ వంతు దాటదు. అదే పది అడుగుల అవతల హాల్లో పెడితే పరిమితిలో పదివేలవ వంతుకు దిగుతుంది.

నిజానికి రౌటర్ ఎడతెగకుండా ప్రసారం చేయదు. ముక్కలు ముక్కలుగా, సెకనులో కొద్ది భాగమే మాట్లాడి మిగతా సమయం మౌనంగా ఉంటుంది. బ్రిటన్‌లో బడుల్లోని వైఫైని కొలిచినప్పుడు రౌటర్లు ప్రసారంలో ఉన్న సమయం 12 శాతం లోపే తేలింది, పిల్లల ల్యాప్‌టాప్‌ల విషయంలో అది 1 శాతం కూడా లేదు. ఏడాది పాటు వైఫై ఉన్నచోట కూర్చున్నవారికి అందే రేడియో తరంగాల మోతాదు, ఇరవై నిమిషాలు సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడినవారికి అందేదానితో సమానమని 2007లో అక్కడి ఆరోగ్య రక్షణ సంస్థ చెప్పింది.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటి ఉంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో కూడా ఇదే తరంగం కదా, అది అన్నం వేడి చేస్తుంది కదా, మరి బిడ్డ మెదడును వేడి చేయదా అని. తరంగం అదే, 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనిదే. కానీ ఓవెన్‌లో 800 వాట్లను ఒక ఇనుప పెట్టెలో బంధించి, గుప్పెడంత పదార్థం మీదికి వదులుతారు. రౌటర్‌లో ఉన్నది దానిలో ఎనిమిది వేలవ వంతు, అది కూడా ఇల్లంతా చెదిరిపోయి ఉంటుంది. పొయ్యి మంటా నిప్పే, అగరుబత్తి కొనన ఉన్నదీ నిప్పే, అయినా అగరుబత్తి మీద ఎసరు మరగదు.

అసలు చిక్కు ‘రేడియేషన్’ అన్న మాటతో వచ్చింది. ఎక్స్‌రే నుంచి వచ్చేదాన్నీ, రౌటర్ నుంచి వచ్చేదాన్నీ ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఎక్స్‌రే కిరణపు ఒక్కో రేణువుకూ అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి ఉంటుంది, డీఎన్ఏకు దెబ్బ తగిలేది అలాగే. వైఫై తరంగంలో ఒక్కో రేణువుకు ఉన్న శక్తి, మీ కిటికీలోంచి పడే మామూలు వెలుతురు రేణువు శక్తిలో రెండు లక్షలవ వంతు. అలాంటివి ఎన్ని కలిసి వచ్చినా అణువును చీల్చలేవు. ఈ తరంగాలు శరీరం మీద చేస్తాయని స్థిరపడిన పని వేడి చేయడమే. ఒళ్లంతా కిలోకు 4 వాట్ల చొప్పున పీల్చుకుంటే శరీరం వేడి ఒక డిగ్రీ సెల్సియస్ వరకు పెరగవచ్చు. ప్రజలకు పెట్టిన పరిమితి దానిలో యాభయ్యో వంతు, కిలోకు 0.08 వాట్లు. పిల్లలను, గర్భిణులను, రోగులను దృష్టిలో పెట్టుకునే ఇంత ఎడం వదిలారు.

మరి రౌటర్ తీయించమని ఎందుకన్నానంటే, ఏడు నెలల పిల్లవాడు ఇంకో నెలకు పట్టుకుని నిలబడతాడు. రౌటర్ కింద వేలాడే అడాప్టర్ తీగ వాడి చేతికి అందుతుంది. ఆ అడాప్టర్ రోజంతా వేడిగా ఉంటుంది, ప్లగ్గు వదులుగా ఉంటే మరీను. పాకే బిడ్డ ఉన్న గదిలో నేలకు మూరెడు ఎత్తున 230 వోల్టుల ప్లగ్గు ఉండటం నాకు సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ భయం కలిగించే విషయం. పైగా రౌటర్ ఇంటి మధ్యలో, ఎత్తున ఉంటే ఇల్లంతా సిగ్నల్ బాగా అందుతుంది. ఖర్చులేని పని, మీ మనసూ కుదుటపడుతుంది. రాత్రిళ్లు ఆపేయాలనిపిస్తే ఆపుకోండి, తప్పేమీ లేదు, అవసరమూ లేదు.

“క్యాన్సర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా?” ఈ ప్రశ్న మీ పొరుగువారు తప్పక అడుగుతారు, అందుకే దీని దగ్గర కొంచెం ఆగుతాను. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే నెలలో రేడియో తరంగాలను ‘2బి’ అనే వర్గంలో చేర్చిన మాట నిజం. ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు, ఆధారాలు పరిమితం’ అని ఆ వర్గానికి అర్థం. సెల్‌ఫోన్‌ను తలకు ఆనించి చాలా ఎక్కువగా మాట్లాడినవారి మీద జరిగిన కొన్ని అధ్యయనాలే ఆ నిర్ణయానికి ప్రధాన కారణం. ఇంట్లో రౌటర్ ఉన్నవారి మీద జరిగినవి కావు. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. మన ఇళ్లలో భోజనమయ్యాక నమిలే వక్క, పొగాకుతో పాటు, నిర్ధారణ అయిన మొదటి వర్గంలో ఉంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే ఈ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. తాంబూలంలో వక్క మానలేని ఇంట్లో రౌటర్‌కు భయపడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ తర్వాత ఏం తేలిందీ చెప్పాలి. డెన్మార్క్‌లో 3,58,403 మంది సెల్‌ఫోన్ చందాదారులను ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన ఫలితాల్లో మెదడు కణుతులు పెరిగినట్టు కనిపించలేదు. బ్రిటన్‌లో 7,76,156 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2022లో వచ్చింది, దానిలోనూ అదే తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పురమాయించగా 1994 నుంచి 2022 దాకా వచ్చిన 63 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష 2024లో వెలువడింది, సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని చెప్పింది. మరోవైపు, 2018లో అమెరికాలో ప్రకటించిన ఎలుకల ప్రయోగంలో మగ ఎలుకల గుండెల్లో ఒక రకం కణుతులు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఈ విషయం పూర్తిగా మూసేసిన పుస్తకమని నేను అనను. కానీ ఆ ఎలుకల ఒంటినిండా రోజుకు తొమ్మిది గంటలు, కిలోకు 1.5 నుంచి 6 వాట్ల దాకా పట్టించారు. ప్రజల పరిమితి కిలోకు 0.08 అని ఇందాకే చెప్పాను. ఆ ఎలుకల పంజరానికీ, మీ బాబు ఉయ్యాలకూ పోలిక లేదు.

జాగ్రత్త పడాలనుకుంటే పడవలసింది చేతిలోని ఫోన్ దగ్గర. ఒకసారి ఒక తల్లి చేతికే మీటరు ఇచ్చి, రౌటర్ దగ్గర నుంచి వెనక్కి నడవమన్నాను. అడుగు అడుగుకూ అంకె పడిపోతూ వచ్చింది. గది గుమ్మం చేరేసరికి మీటరు కదలడం మానేసింది. అంతలో ఆవిడ చంకలో ఉన్న పాప చేతిలోని ఫోన్ మోగింది. అంకె ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఆవిడ ముఖం చూశాక నేను ఇంకేమీ వివరించవలసిన అవసరం రాలేదు.

ఫోన్ ప్రసార శక్తి రౌటర్‌కు కొద్దిగా అటూ ఇటూగానే ఉన్నా అది ఒంటికి ఆనుకుని ఉంటుంది, దూరం వల్ల వచ్చే లాభం అక్కడ లేదు. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి ఫోన్లకు పరిమితి, ఒక గ్రాము కండ మీద సగటున కిలోకు 1.6 వాట్లు. మీ ఫోన్‌లో *#07# అని కొడితే దాని అంకె కనిపిస్తుంది. ఆ పరిమితిలోపు ఉన్న ఫోన్ ప్రమాదకరమని నేను అనడం లేదు. తగ్గించుకోవడం తేలిక కాబట్టి చెబుతున్నాను: ఎక్కువసేపు మాట్లాడేటప్పుడు స్పీకరు గానీ ఇయర్‌ఫోన్ గానీ వాడండి, లిఫ్టులో, సిగ్నల్ గీతలు ఒకటి రెండే కనిపించే చోట కబుర్లు పెట్టుకోకండి. టవర్ సరిగా అందనప్పుడు ఫోన్ గొంతు చించుకుని అరిచినట్టు తన శక్తినంతా వాడుతుంది, బాగా అందేచోట గుసగుసలాడినట్టు చాలా తక్కువతో సరిపెట్టుకుంటుంది. బాబు అన్నం తినడం లేదని చేతికి ఫోన్ ఇవ్వవద్దు. దీనికి తరంగాలతో పనిలేదు. ఏడాది నిండని పిల్లలకు తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, వాడి నిద్రకూ మాటకూ అదే మంచిది.

టవర్ విషయానికి వస్తే, దీపం కింద చీకటి అన్న సామెత యాంటెన్నాలకు అక్షరాలా సరిపోతుంది. టవర్ మీద నిలువుగా కట్టిన పలకలు శక్తిని దాదాపు అడ్డంగా, పలుచని విసనకర్రలా ఎదురుగా పంపుతాయి. అది కొద్దిగా కిందికి వాలి, పదుల మీటర్ల నుంచి రెండు మూడు వందల మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అందుకే టవర్ ఉన్న మేడలోని పై అంతస్తువారికి, కాంక్రీటు శ్లాబు కూడా అడ్డు ఉండటంతో, తరచూ తక్కువే అందుతుంది. ఒక కాలనీలో టవర్ తీసేయాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టిన కుటుంబం సరిగ్గా దాని కింది అంతస్తులో ఉండేది. వాళ్ల ఇంట్లో వచ్చిన అంకె, వీధి చివర ఉన్న మూడో అంతస్తు బాల్కనీలో వచ్చినదానిలో నాలుగో వంతు కూడా లేదు. రెండుచోట్లా పరిమితికి చాలా దిగువనే ఉంది. ఇంకో మాట, టవర్ దూరం పంపేస్తే ఆ కాలనీలో ప్రతి ఫోనూ గట్టిగా ప్రసారం చేయడం మొదలుపెడుతుంది. భయపడి తరిమినది చెవి దగ్గరకే వచ్చి చేరుతుంది.

2012 సెప్టెంబరు 1 నుంచి మన టెలికాం శాఖ టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు సుమారు 0.9 వాట్లు, 2100కు పైన 1 వాటు. తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీ చిరునామా దగ్గరి టవర్లు నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో చూడవచ్చు, రుసుము కట్టి మీ ఇంటి దగ్గర కొలిపించుకోవచ్చు. మీ కిటికీకి కొద్ది మీటర్ల దూరంలో, అదే ఎత్తులో, యాంటెన్నా ముఖం నేరుగా మీవైపే ఉంటే మాత్రం తప్పక కొలిపించండి. రోడ్డుకు అవతల, మీ ఇంటికన్నా ఎత్తున ఉందని రాశారు కాబట్టి మీది ఆ పరిస్థితి కాదనుకుంటున్నాను. 5జీ అనగానే ఇంకేదో కొత్త విషమని అనుకునేవారికి ఒక్క విషయం చెప్పండి: మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ పట్టీ, మీ రౌటర్ వాడే 2.4కూ 5కూ మధ్యనే ఉంది.

ఇప్పుడు మీ తలనొప్పి. మీకు నొప్పి ఉన్నమాట నిజం, దాన్ని ఎవరూ ‘అంతా మనసు భ్రమ’ అని కొట్టేయకూడదు. ప్రశ్నల్లా అది రౌటర్ వల్లనా అన్నదే. సిగ్నల్ తమకు పడదని చెప్పేవారిని గదిలో కూర్చోబెట్టి, సిగ్నల్ ఉందో లేదో వారికీ, ప్రయోగం చేసేవారికీ కూడా తెలియకుండా చేసిన పరీక్షలు ఎన్నో జరిగాయి. అలాంటి 46 ప్రయోగాలను, 1,175 మందిని, 2010లో ఒక సమీక్ష కలిపి చూసింది. సిగ్నల్ ఉన్నప్పుడే బాధ కలుగుతుందన్న నమ్మకమైన రుజువు దొరకలేదు. ఉందని నమ్మినప్పుడు మాత్రం, నిజంగా లేకపోయినా, తలనొప్పి వచ్చింది. భయం కూడా ఒంటిని బాధపెట్టగలదు.

అయితే నేను మిమ్మల్ని వేరే కారణం వెతకమన్నది దీనికోసం కాదు. కొన్నేళ్ల కిందట, డిసెంబరులో, గుంటూరులో ఒక ఇంటివారు పిలిచారు. పక్క మేడ మీద టవర్ వచ్చినప్పటి నుంచి ఇల్లాలికి తలనొప్పి, వికారం. కిటికీలకు వంటింట్లో వాడే అల్యూమినియం రేకు అంటించి ఉంది. ఇల్లంతా కొలిచాను, చెప్పుకోదగినంత ఏమీ లేదు. నొప్పి ఏ వేళ వస్తుందమ్మా అని అడిగితే, పొద్దున స్నానమయ్యాక, బజారుకు వెళ్తే తగ్గిపోతుంది అన్నారు. స్నానాలగది చూపించమన్నాను. లోపల గోడకు గ్యాసు గీజరు ఉంది. ఆన్ చేయించి చూస్తే మంట నీలంగా లేదు, పసుపు పచ్చగా ఊగుతోంది. గీజరు పైన గోడకు మసి పట్టి ఉంది. పైనున్న వెంటిలేటరుకు, చలికాలం దోమలు రాకుండా, అట్టముక్క పెట్టి టేపు వేశారు. మూసిన గదిలో గాలి చాలక గ్యాసు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తర్వాత స్పృహ తప్పడం, ఆ తర్వాత ప్రాణమే పోవడం. ఆ రోజే గీజరు కట్టేయించి బయటి గోడకు మార్పించాం. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి నొప్పి లేదన్నారు. ఇప్పటికీ ఆ అట్టముక్క గుర్తొస్తే నా గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే నేను ఆ ఇంటికి వెళ్లింది టవర్ కోసం.

అందుకని, అమ్మా, నొప్పి ఏ వేళ, ఏ గదిలో, ఏ పని తర్వాత వస్తోందో ఒక వారం కాగితం మీద రాయండి. మీ ఇంట్లో గ్యాసు గీజరు ఉంటే ఈ రోజే చూడండి. ఏడు నెలల బిడ్డ తల్లికి నిద్ర చాలకపోవడం, రక్తహీనత, కంటిచూపు, బీపీ, ఇవన్నీ తలనొప్పికి మామూలు కారణాలే. ఆ కాగితం తీసుకుని వైద్యుల దగ్గరకు వెళ్లండి.

స్టిక్కర్ల గురించి ఎక్కువ రాయను. ఫోన్‌కు అంటించిన స్టిక్కరు నిజంగా సిగ్నల్‌ను ఆపితే ఫోన్ ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది, ఆపకపోతే డబ్బు దండగ. మెడలో వేసుకునే ‘5జీ రక్షణ’ బిళ్లలైతే ఇంకా దారుణం. నెదర్లాండ్స్‌లో అణు భద్రతా సంస్థ 2021 డిసెంబరులో అలాంటి పది వస్తువులను పరీక్షించి, అవే అణుధార్మిక కిరణాలు వెదజల్లుతున్నాయని, వాడవద్దని హెచ్చరించింది. వాటిలో పిల్లల చేతికి కట్టే పట్టీ కూడా ఉంది. లేని ప్రమాదానికి విరుగుడని నమ్మి తల్లిదండ్రులు నిజమైన ప్రమాదాన్ని బిడ్డ చేతికి కట్టారు. ఎవరు తెచ్చి ఇచ్చినా బాబు ఒంటిమీదికి రానివ్వకండి.

చివరిగా మామగారు. హాల్లో ఉన్న రౌటర్ వల్ల ఆయన పేస్‌మేకర్‌కు ఇబ్బంది లేదు, ఆ గదిలో నిశ్చింతగా కూర్చోవచ్చు. ఫోన్‌ను మాత్రం పేస్‌మేకర్ ఉన్నచోటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, పేస్‌మేకర్ ఎడమవైపు ఉంటే కుడి చెవితో మాట్లాడాలి. కొత్త ఫోన్లలో కొన్నిటికి వెనకవైపు అయస్కాంతపు వలయం ఉంటుంది. తరంగం కంటే ఆ అయస్కాంతమే పేస్‌మేకర్ పనిని మార్చే అవకాశం ఎక్కువ. మీ వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే ఆయనను దానికి రెండడుగుల ఎడంలో ఉండమనండి. పేస్‌మేకర్ అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు మీద దాని రకం రాసి ఉంటుంది, గుండె వైద్యులను కలిసినప్పుడు అది చూపించి అడగండి. పడుకుని ఫోన్ చూస్తూ దాన్ని ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోయే అలవాటు పెద్దవారిలో చాలామందికి ఉంది, ముందు దాన్ని మాన్పించండి. చొక్కా ఎడమ జేబులో ఫోన్ వేసుకునే అలవాటు వెంటనే పోదు కాబట్టి, నాకు తెలిసిన ఒక పెద్దాయన కొత్త చొక్కాలన్నిటికీ ఎడమ జేబే లేకుండా కుట్టమని దర్జీకి చెప్పుకున్నారు.